పేరు ఖాయమయ్యేదాకా

ఒక వస్తువుకు మూడు పేర్లుండటం దేశానికెంత మేలో తెలుసా? తెలియకపోతే మదనపల్లెలో టీచరమ్మ సరస్వతమ్మ వంటింట్లోకి తొంగిచూడండి! కాస్త జాగ్రత్త, ఆదివారం పొద్దుటి నుంచీ అక్కడ మొగుడూ పెళ్ళాల కొట్లాట నడుస్తోంది.

“యాదో ఒక పేరు పెట్టేస్తే పోలా అండీ?” అంటోంది ఆమె, సంగటి కెలుకుతూ.

“అట్లెట్ల పెడతామ్మే! టెక్నికల్ పుస్తకం అది, ఆటలా?” అంటున్నాడు మునిరత్నం.

ఇది ఎనభై ఆరు నాటి మాట. ఆయన టెలిఫోన్ ఇంజనీరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆఫీసుల్లో కొత్త కంప్యూటర్లు దిగాయి. అవి ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో తెలుగులో రాయమని ముగ్గురు ఇంజనీర్లకు ఆర్డరొచ్చింది. తలా ఒక అధ్యాయం రాశారు. సందేశం అందిందని అవతలి యంత్రం తిరిగి చెప్పే ముక్కను మునిరత్నం ‘రసీదు’ అన్నాడు. పుంగనూరు ఘని ‘జవాబు’ అన్నాడు. కుప్పం చిన్నస్వామి ‘బదులు’ అన్నాడు.

దీనివల్ల ఎన్ని లాభాలని! పరీక్ష రోజున కుప్పం ఆపరేటరు పుంగనూరుకు ‘క్షేమమా?’ అని పంపాడు. కాసేపాగి ఫోన్ చేశాడు.

“బదులు రాలేదప్పా!”

“జవాబు పంపినాం గదప్పా!”

“జవాబు ఎవురికి కావాల? మా పుస్తకంలో బదులని ఉండాది!”

మళ్ళీ ‘క్షేమమా?’ పంపాడు. మళ్ళీ పంపాడు. సాయంత్రానికి పుంగనూరు ఆఫీసంతా ఎవరి నాడి వాళ్ళు పట్టుకుని చూసుకుంది. ఇంత ఆరోగ్య స్పృహ ఏ డాక్టరు తేగలడు?

ఇక పేరు తేల్చడానికి ఆదివారం ఆదివారం మీటింగు, సరస్వతమ్మ ఇంట్లోనే! వంకాయ పులుసు, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి లేనిదే ముగ్గురికీ మాట పెగలదు. స్నేహం పెరిగింది, పొట్టలూ పెరిగాయి. ఒకే పేరుంటే ఈ ఐకమత్యం దక్కేదా?

సరస్వతమ్మకు దక్కనిది ఒక్కటే. బైరెడ్డిపల్లెలో చెల్లెలు గౌరమ్మ బిడ్డ బోర్లా పడటం కూడా నేర్చింది. పెద్దమ్మ ఇంకా దాని మొహం చూడలేదు. వారమంతా బడి, ఆదివారం మీటింగు!

“పేరు ఖాయం కానిదే యంత్రాన్ని ముట్టరాదు. అదీ రూలు” అన్నాడు మునిరత్నం, ఆ మధ్యాహ్నం వేళ్ళు నాకుతూ. మిగతా ఇద్దరూ తలూపారు.

“వదినా, ఇంకొంచెం పులుసు” అన్నాడు ఘని.

“మేడం, ఊరిబిండి” అన్నాడు చిన్నస్వామి.

“ఏమ్మే, నీళ్ళు” అన్నాడు మునిరత్నం.

సరస్వతమ్మ ముగ్గురికీ వడ్డించింది. అతిథులు బస్సెక్కాక అత్త వెంకటమ్మనూ పిల్లలనూ పిలిచి, భర్త ఎదుటే మెల్లగా చెప్పింది.

“వచ్చే ఆదివారం తొలి బస్సుకు బైరెడ్డిపల్లె పోతాండాను.”

“మీటింగుండాదే! సంగటెవురు చేస్తారు?” అన్నాడు మునిరత్నం.

“సంగటి చేసేదాన్ని ఒకరు వదినంటారు, ఒకరు మేడమంటారు, మీరు ఏమ్మే అంటారు. పేరింకా ఖాయం కాలేదండీ. అందాకా పొయ్యి ముట్టరాదు. మీ రూలే గదా!”

మునిరత్నం తల్లివైపు చూశాడు.

“నా పక్క సూడాకు నాయనా. నన్నూ తలా ఒకటంటారు” అంది వెంకటమ్మ. “అమ్మాయ్, బస్సులో నాకూ ఒక సీటు పట్టు.”