శరీరం మార్చుకున్న ప్రెసిడెంటు గారు

మా తాలూకా బోర్డు ప్రెసిడెంటు భీమరాజు గారు చనిపోలేదనీ, శరీరం మాత్రం మార్చుకున్నారనీ, కనుక ఆ పదవి ఖాళీ లేదనీ ఫాల్గుణంలో బోర్డువారు దండోరా వేయించారు. అప్పటికి ఆయన్ని దహనం చేసి పది నెలలైంది.

ఈ సత్యాన్ని కనుగొన్నవారు వైసు ప్రెసిడెంటు వెంకటరాజు గారు. ఆ పది నెలలూ చార్జి ఆయనదే. నెలాఖరులోగా కొత్త ప్రెసిడెంటుని వేస్తామని రాజమహేంద్రవరం నుంచి సబ్‌కలెక్టరు దొర తాఖీదు పంపిన మర్నాడే ఆయన మనసు ఆత్మ మీదికి పోయింది. అంత త్వరగా జ్ఞానం కలిగిన మనిషిని నేను చూడలేదు. నా భార్య పోయి ఆరేళ్లయింది. ఎవరూ దండోరా వేయలేదు. బోర్డు కచేరీ అరుగు మీద అర్జీలు రాసి బతికేవాణ్ని గనక జరిగిందంతా కళ్లారా చూశాను.

ముందుగా అన్ని మతాలవారితో మీటింగు పెట్టారు.

"ఎనభైనాలుగు లక్షల జన్మలున్నాయండి," అన్నారు సోమయాజులు గారు. "మళ్లీ మనిషిగానే పుట్టాలనేముంది? ఆయన ఏం చేశారో చూడాలి."

"ఏమీ చెయ్యలేదండి, రికార్డే సాక్ష్యం. మనిషనే రాసుకోండి," అన్నారు వెంకటరాజు గారు.

బట్టల కొట్టు మార్వాడీ జైనుడు. "మా మతంలో ఆత్మ రెప్పపాటులో ఇంకో ఒంట్లోకి పోతుందండి," అన్నాడు.

"జాయినింగ్ టైము లేకుండానా? సర్కారు ఒప్పుకోదు."

లూథరన్ పాస్టరు జీవరాజు గారు లేచారు. "మనిషి ఒక్కసారే చనిపోతాడండి. ఆ తర్వాత తీర్పే."

"తీర్పు ఏ తారీఖునండి?"

"ఎవరికీ తెలియదండి."

"అప్పటిదాకా యాక్టింగ్ చార్జి వైసుదే కదండీ?"

పాస్టరు గారు కూర్చున్నారు. ఒప్పుకున్నారని గుమాస్తా రాసుకున్నాడు.

"కయామత్ రోజున అందరూ సమాధుల్లోంచి లేస్తారు," అన్నారు ఖాన్ గారు.

"ఈయన్ని కాల్చేశాం కదండీ."

"అల్లాకి అదేం కష్టమండి?"

"అయితే వచ్చి చార్జి తీసుకుంటారన్నమాట. ఖాళీ లేనట్టే!"

చివరికి దారి చూపించినవారు ప్లీడరు కామేశం గారు. మద్రాసు నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివిన మనిషి. "టిబెట్టులో పెద్ద లామా పోతే నామినేషను లేదండి. నలభైతొమ్మిది రోజులాగి, ఆపైన పుట్టిన పిల్లల ముందు ఆయన వాడిన సామాను పెడతారు. గుర్తుపట్టినవాడే లామా. పెద్దయ్యేదాకా ఇంకొకరు చార్జి చూస్తారు."

వెంకటరాజు గారి కళ్లు చెమర్చాయి. "మనం అన్నప్రాశన నాడు పెట్టినట్టే! ఎంత గొప్ప దేశమండీ!"

ఆయన మనవడు, భీమరాజు గారు పోయిన సరిగ్గా యాభయ్యో రోజున పుట్టాడు.

కచేరీ ముందు పందిరి వేసి, చాప మీద భీమరాజు గారి కళ్లజోడు, పొడుం డబ్బీ, చేతికర్ర, బోర్డు ముద్ర పెట్టారు. మనవడికి పది రోజులుగా ఆ డబ్బీకి బెల్లం రాసి తర్ఫీదిచ్చారు. ఆ రోజు బెల్లం రాయడం మరిచారు. వాడు డబ్బీని ఒకసారి నాకి, గుక్కపట్టి ఏడ్చి, నాయనమ్మ మెడ వదల్లేదు.

అప్పుడే కాలవ అవతల మాలపేట నుంచి సువార్తమ్మ వచ్చింది, చంకలో బిడ్డ, చేతిలో నేను రాసిన అర్జీ. వైశాఖంలో కాలవ కట్టేస్తే ఆ పేటకి తాగునీళ్లుండవు. నుయ్యి కావాలని పదకొండేళ్లుగా అడుగుతోంది. ప్రెసిడెంటు గారి సంతకం లేందే కాదని పది నెలలుగా వెంకటరాజు గారు చెబుతున్నారు.

"ప్రెసిడెంటు గారు మళ్లీ వచ్చారంట కదండీ," అంది. పేటవాళ్ల చేతినుంచి కాగితం అందుకోరు గనక, అర్జీని చాప అంచున పెట్టి దూరం జరిగింది.

బిడ్డ చంక జారి పాక్కుంటూ వెళ్లాడు. అర్జీ లాక్కున్నాడు. కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఆవులించాడు. అలాగే ఒరిగి నిద్రపోయాడు.

"అయ్యబాబోయ్! మా దొరగారేనండి!" అని ముసలి బంట్రోతు లోవరాజు కేకపెట్టాడు. "ఇదే అర్జీ, ఇలాగే పెట్టుకుని పడుకునేవారండి!"

గుమాస్తాలు కళ్లు తుడుచుకున్నారు. పుట్టిన రోజు అడిగి ప్లీడరు గారు వేళ్ల మీద లెక్కేశారు. సరిపోయింది.

"మాకు మళ్లీ పుట్టడాలు లేవండి," అంది సువార్తమ్మ. "ఈడు నా కొడుకు దావీదండి." పాస్టరు గారు తల ఊపారు. ఆమె అర్జీ వంక చూసింది. "అయినా తమరంతా ఆయనే అంటే ఆయనేనండి. సిరా ఇప్పించండి. నుయ్యికి ఈడి చేత నిశానీ పెట్టిస్తాను."

పాస్టరు గారు కాలవ వైపు చూశారు.

వెంకటరాజు గారూ, ప్లీడరు గారూ పందిరి వెనక్కి వెళ్లి, చుట్ట సగం కాలేంతలో తిరిగొచ్చారు.

"మన ప్రెసిడెంటు గారు దొరికారు," అన్నారు వెంకటరాజు గారు. "మైనారిటీ తీరేదాకా ఈ భారం నేను మోస్తాను."

చప్పట్లు మోగాయి.

"మరి నుయ్యండి?"

ప్లీడరు గారు ఓపికగా చెప్పారు. "బోర్డు పెద్ద తన సొంత పేటకి బోర్డు పని శాంక్షను చేసుకోకూడదమ్మా. రూలు. ప్రెసిడెంటు గారు మీ ఇంట్లో ఉన్నంతకాలం మీకు నుయ్యి రాదు."

"అయితే ఈడు ఆయన కాదండి!"

"అది నువ్వు చెప్పేది కాదు. తీర్మానమైపోయింది."

దొరకి రిపోర్టు వెళ్లింది. ఆ చాపని ఎవరూ ముట్టుకోలేదు. ఎండకి అక్కడే చివికిపోయింది.

వైశాఖంలో కాలవ కట్టేశారు. సువార్తమ్మ బిడ్డని ఎత్తుకుని, కడవతో వెంకటరాజు గారి ఇంటి నూతి దగ్గరికి వచ్చింది. ఆయన అరుగు మీంచి గబుక్కున లేచారు. కండువా తీసి నడుముకి చుట్టుకున్నారు. ప్రెసిడెంటు గారికి వంగి నమస్కారం చేశారు. ఆ తర్వాత ఇద్దర్నీ నూతికి ఇరవై అడుగుల దూరంలో నిలబడమన్నారు.