దరువు వెంట మామగారు

ఆ ఉదయం కొత్త కోడలు వేసుకున్న పథకం చిన్నదే. మామగారు పెద్ద డాక్టరు కళ్ళెదుట ఆసుపత్రి వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. నడిస్తే వ్యాయామ చికిత్స పొడిగిస్తారు. లేదంటే చక్రాల కుర్చీ ఇచ్చి పంపేస్తారు. ఇక ఆయన బతుకు ఆ కుర్చీకే.

పక్షవాతం వచ్చిన కాలు మెదడు మాట వినడం మానేసింది కానీ చెవి మాట వింటోంది. అందుకని ఫిజియోథెరపిస్టు టక్కుటక్కుమనే యంత్రం పెట్టి, టక్కుకో అడుగు వేయించేది. ఆ చప్పుడు కోడలికి గోడ గడియారం దగ్గుతున్నట్టుండేది. తన పెళ్ళి ఊరేగింపు బ్యాండును ఫోనులో పెట్టి చూసింది. మామగారి కాలు లేచింది!

"నా మాటకి ఏనాడూ కదల్లేదు ఈ మనిషి," అంది అత్తగారు.

డాక్టరు వచ్చే వేళకు చార్జింగులో ఉన్న ఫోను తేవడానికి కోడలు లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వరండాలో మామగారి కుర్చీ ఖాళీ. గేటు బయట శవయాత్ర పోతోంది. శవవాహనం ముందు బ్యాండు, బ్యాండు వెనుక చేతికర్రతో మామగారు. పెళ్ళికైనా చావుకైనా కాలికి దరువు దరువే.

"మామయ్యగారూ, ఆగండి!"

"వాళ్ళు ఆపితేగా!"

"పాపం, ఆ కాలితో వచ్చాడంటే ఎంత కావలసినవాడో," అంటూ జనం ఆయనకు దారిచ్చారు. ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన కోడలిని ఒకావిడ పొదివి పట్టుకుంది.

"ఊరుకో తల్లీ. పోయినవాళ్ళు వెనక్కి రారు."

"రావాలండీ! డాక్టరుగారు చూస్తానన్నారు!"

"పిచ్చిపిల్ల, ఇంకా నమ్మలేకపోతోంది," అని ఆవిడ కూడా ఏడ్చింది.

శ్మశానం గేటు దగ్గర బ్యాండు టక్కున ఆగింది. మామగారి కాలు గాలిలోనే ఆగిపోయింది. మనిషి బోర్లా పడ్డాడు. దుఃఖం ఆపుకోలేకపోయాడన్నారు జనం. కోడలు ఫోను తీసింది. కానీ పాడె దించుతుండగా పెళ్ళి బ్యాండు పెట్టడానికి చేతులు రాలేదు. చివరికి ఖాళీ అయిన శవవాహనంలోనే ఆయనను పడుకోబెట్టి తెచ్చారు.

ఆసుపత్రి మెట్ల మీద పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. వాహనాన్ని చూసి కళ్ళద్దాలు తీసేశాడు.

"ఎంతసేపయిందమ్మా?"

"బతికే ఉన్నారండీ! శ్మశానం దాకా నడిచారు!"

"నమ్మకపోతే ఇంకోసారి పోయొస్తాను," అన్నారు మామగారు లోపలి నుంచి.

డాక్టరు చాలాసేపు ఆయన మోకాలి గాయం చూశాడు. తరువాత ఫిజియోథెరపిస్టు వైపు తిరిగాడు.

"చికిత్స పొడిగించండి. పోవడం వచ్చింది, ఇక తిరిగి రావడం నేర్పండి."