దివాణం వారి ఎర్ర దిండు

కత్‌బర్ట్ పుడిఫుట్‌కి కొన్ని నెలలుగా ఒకచోట కాలు నిలవడం లేదు. ఉద్యోగం మానేశాక భార్య పుట్టిన ఊరు మడ్‌ఫర్డ్‌లో కాపురం పెట్టాడు. అక్కడి చర్చిలో, ముందు వరసలో, గ్రిండిల్ దివాణం వారి బల్ల మీద ఓ ఎర్ర దిండు కనబడింది. ఆ వంశంవాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయాక దానిమీద కూర్చున్నవాళ్ళే లేరు.

తను మాత్రం వెనక వరసలో, గాలి దూరే తలుపు పక్కన, నడుం పట్టుకుని కూర్చోవాలి.

"మా ముత్తవ్వ లెట్టిస్, గ్రిండిల్ వారి ఆడపడుచేనని మా నాన్న అనేవాడు. రుజువు దొరికితే ఆ దిండు నాదే!" అన్నాడు భార్య డోర్కస్‌తో.

"ముందు సింకు తూము సంగతి చూడు. నీళ్ళు దిగి ఎన్నాళ్ళయిందో!"

"వంశం గురించి మాట్లాడుతుంటే తూమంటావేమిటి?"

"వంశం వాళ్ళింట్లో అంట్లుండవా?"

కత్‌బర్ట్ వినలేదు. దివాణం చూడటానికి జనాన్ని వదిలే రోజున వెళ్ళి, గోడమీది ప్రతి దొర పటం ముందూ తన ముక్కుకి పోలిక చూసుకుంటూ, మొహం పక్కకి తిప్పి నిలబడ్డాడు. కాపలా ఆవిడ అతను పటాల్ని వాసన చూస్తున్నాడనుకుని బయటికి పంపేసింది. మర్నాటినుంచి దొరలా చేతికర్ర పట్టాడు. టీ తాగేటప్పుడు చిటికెన వేలు పైకి లేచింది. తూములో మురుగు కూడా లేచింది.

చివరికి డోర్కసే అతణ్ణి చెయ్యి పట్టుకుని చర్చిలోకి లాక్కెళ్ళింది. ఆర్గన్ వెనక, తను దుమ్ము దులిపిన గోడరాయి చూపించింది. 'లెట్టిస్ గ్రిండిల్, బళ్ళుచేసే పుడిఫుట్ భార్య' అని చెక్కి ఉంది. కత్‌బర్ట్ ఆనందంతో ఆ రాతిని ముద్దు పెట్టుకున్నాడు.

సంగతి వినగానే చర్చి ఫాదర్ పెల్లో గారి కళ్ళు చెమర్చాయి.

"దొరగారూ! ఊరంతా మీకోసమే కాచుకుని ఉంది. ఈ ఆదివారమే రండి."

ఆ ఆదివారం ప్రార్థనంతసేపూ కత్‌బర్ట్ ఎర్ర దిండు మీద కూర్చున్నాడు. అంత సుఖం అతని నడుం ఎన్నడూ ఎరగదు.

ప్రార్థన అవగానే ఫాదర్ ఆ దిండు తీసుకుని వాగొడ్డుకి నడిచాడు. అక్కడ వేసి ఉన్న ఓ కుర్చీలో దాన్ని పెట్టాడు. చుట్టూ ఊరు ఊరంతా బురద బకెట్లతో నిలబడింది.

"ఇదేమిటి?"

"ఒకప్పుడు కరువులో మీ పెద్దలు ఊరి వాగుని తమ చేపల చెరువుకి మళ్ళించుకున్నారు. అందుకని ఏటా ఇంటికో గుప్పెడు బురద దివాణం వారి మీద వేస్తాం. మరి మీవాళ్ళు ఊరెందుకు వదిలారనుకున్నారు? పాపం, ఇన్నేళ్ళూ దిష్టిబొమ్మతోనే సరిపెట్టుకున్నాం."

"ఆగండాగండి, వంశం లెక్కలో ఏదో పొరపాటు..."

"పొరపాటా? రాతిమీద చెక్కి ఉంటేనూ!" అంది డోర్కస్.

"నీకిది ముందే తెలుసా?"

"చిన్నప్పుడు ఆఖరి గ్రిండిల్ దొర మీద నేనూ వేశాను. గురి బాగా కుదిరింది."

ఇవాళ కూడా కుదిరింది. మొదటి గుప్పెడు ఆవిడదే.

ఇంటికొచ్చేసరికి కత్‌బర్ట్‌లో కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. డోర్కస్ గుమ్మంలోనే ఆపేసింది.

"దొరగారూ, తమరు మొహం కడుక్కోవాలన్నా సింకులో నీళ్ళు దిగవు."

కత్‌బర్ట్ పానా తీసుకుని సింకు కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. కాసేపటికి నీళ్ళు గుడగుడమంటూ దిగాయి.

"హమ్మయ్య!" అంటూ డోర్కస్ బురదోడుతున్న ఎర్ర దిండుని సింకులో ముంచింది.

"దాన్నింకెందుకు ఉతకడం?" సింకు కిందినుంచి నీరసంగా గొంతు.

"వచ్చే ఏడు మళ్ళీ కూర్చోవాలిగా!"