దిల్‌బహార్ అనే హోటల్ లేదు

ఆ ఆదివారం పొద్దున ఇస్సాకు పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం దాకా హోటల్ పాత పేరు నోట రానివ్వకూడదు. చార్మినార్‌కు రెండు గల్లీల అవతల ఆ హోటల్ గేటు దగ్గర నిలబడే అతని జుట్టు నెరిసింది. చేరినప్పుడు అది దిల్‌బహార్ లాడ్జి. తర్వాత వెంకటసాయి డీలక్స్ అయింది, ఆపైన గ్రాండ్ డెక్కన్ ఇన్ అయింది. ఈమధ్య ఓ బెంగళూరు కంపెనీ ఓనర్‌తో ఒప్పందం చేసుకుని తన పేరు తగిలించి ఆరివెల్లా సూట్స్ చేసింది. పేరు మారినప్పుడల్లా ఇస్సాకుకు కొత్త టోపీ ఇచ్చేవారు. లోపలి కుర్చీలు మాత్రం అవే. పాతబస్తీ జనానికి ఈ పేర్లతో పనిలేదు, వాళ్లకు అది ఇప్పటికీ దిల్‌బహారే.

"రేపు కంపెనీ మనిషి మామూలు కస్టమర్ లెక్క వస్తరు. పాత పేరు ఒప్పుకున్నోళ్ల నౌకరీ ఖతమే, అంకుల్," అని మేనేజర్ స్రవంతి ముందురోజే చెప్పింది. కూతురు సుజన నర్సింగు చదువు ఇంకా పూర్తికాలేదు. ఈ వయసులో తనను ఇంకో గేటు దగ్గర ఎవరు నిలబెట్టుకుంటారు? ఇస్సాకుకు రాత్రంతా కన్ను మూతపడలేదు. మాదన్నపేటలో ఇల్లు కదిలేముందు భార్య లీలమ్మ ప్రార్థన చేసి, కొత్త పేరు మళ్లీ మళ్లీ చెప్పించి మరీ పంపింది.

మొదట సూట్‌కేసుతో ఒకావిడ ఆటో దిగింది.

"దిల్‌బహార్ ఇదేనా?"

ఇస్సాకు టోపీ సర్దుకున్నాడు. "కాదు మేడమ్. ఇది ఆరివెల్లా సూట్స్."

"మరి దిల్‌బహార్?"

"అది ఎప్పుడో బందయింది. గా పేరుతోని ఈడ హోటలే లేదు."

ఆవిడ వెనుదిరిగింది. ఇస్సాకు హమ్మయ్య అనుకునేలోగా చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. "బిడ్డా, సాయిలు ఫంక్షన్ దిల్‌బహార్‌లనేనా?"

సెల్లార్ హాల్లో జల్‌పల్లి పాల వ్యాపారి సాయిలు ఫంక్షన్ ఉన్నమాట నిజమే. కంపెనీవాళ్లు ఆ సంగతి కూడా ఆరా తీశారన్నమాట! "దిల్‌బహార్ లేదు బాపూ, బందయింది," అన్నాడు ఇస్సాకు. ఆ తర్వాత పట్టుచీరల్లో ఆడవాళ్లు వచ్చారు, చంకలో పిల్లలతో వచ్చారు, ఆటోల నిండా వచ్చారు, అందరూ దిల్‌బహారే అడిగారు. ఒక్క గేటు మనిషిని పరీక్షించడానికి ఇంతమందా అని ఇస్సాకు బెంబేలెత్తిపోయాడు. అయినా మాట తప్పకుండా అందరినీ వెనక్కి పంపాడు.

కింద సాయిలు కొడుకు నందు, ధోతుల ఫంక్షన్ కోసం కొత్త ధోతి కట్టుకుని, ఖాళీ కుర్చీల ఎదుట పూలసింహాసనం మీద కూర్చున్నాడు. బిర్యానీ చల్లారిపోతోంది. సెల్లార్‌లో ఫోన్లు పనిచేయవు. చివరికి సాయిలే పైకి వచ్చాడు.

"ఇస్సాకన్నా, మావోళ్లు ఒక్కలన్న రాలే?"

ఇస్సాకు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వచ్చిండ్రు... అందర్నీ పంపిచ్చిన."

సాయిలు మెట్ల మీదే కూలబడ్డాడు. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది. తిండి పెట్టడం ఇష్టంలేకే హోటల్ బంద్ అని చెప్పించావని చుట్టాలంతా తిడుతున్నారు. అక్కయితే ఇక నీ గడప తొక్కనని ఏడ్చింది. లొల్లి విని ఓనర్ బాలనర్సింహ ఉరికి వచ్చాడు.

"నా హోటల్ లేదని చెప్పెతందుకా నిన్ను గేట్ల నిలవెట్టింది?"

ఆ పిల్లవాడి ధోతి తలుచుకుంటే ఇస్సాకుకు చచ్చిపోవాలనిపించింది. అప్పుడే సూట్‌కేసు ఆవిడ ఎదుటి చాయ్ హోటల్లోంచి రోడ్డు దాటి వచ్చి, కంపెనీ కార్డు చూపించింది.

"పొద్దుటి నుంచీ చూస్తున్నాను. ఎంతమంది అడిగినా పాత పేరు ఒప్పుకోలేదు. ఇలాంటి ఉద్యోగి మా కంపెనీలోనే లేడు. నూటికి నూరు మార్కులు!" అని ఇస్సాకు చెయ్యి ఊపింది. తర్వాత సెల్లార్‌లోకి తొంగిచూసి నిట్టూర్చింది. "కానీ ఆదివారం కూడా హాలు నిండని చోట మా పేరు ఉంచలేం."

చీకటి పడకముందే బోర్డు దిగిపోయింది.

మర్నాడు గోడకు మేకుల బొక్కలే మిగిలాయి. ఏ పేరు పెట్టాలో బాలనర్సింహకు తోచలేదు. "నేను చెప్పేదాంక నీ నోట్లకెల్లి ఏ పేరన్న వచ్చిందో, నువ్వు ఇంటికే," అని ఇస్సాకును బెదిరించి, తలుపు దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

బ్యాగు భుజాన వేసుకున్న ఒకాయన ఖాళీ గోడను ఎగాదిగా చూశాడు. "ఇదేం హోటల్ అన్నా?"

ఇస్సాకు గోడవైపు చూశాడు, ఓనర్‌వైపు చూశాడు.

"తెల్వది సార్. నేను ఇయ్యాల్నే కొత్తగ చేరిన."