గోడకు వదులు

ఆ ఉదయం మిషను ముందు కూర్చోకముందే దర్జీ తన ఇంటి ముందుగోడ కొలవాలనుకున్నాడు. వీధికి మురుగుకాలువ కట్టి, ఆ ఖర్చును ముందుగోడ అడుగుల లెక్కన ఇళ్ళవాళ్ళకు పంచుతామనీ, ఎవరి కొలత వాళ్ళే రాసివ్వాలనీ నగరపాలక కార్యాలయం కాగితాలు పంపింది.

మెడలోని అయిదడుగుల టేపు తీసి ఎనిమిదిసార్లు పరిచాడు. పరిచిన ప్రతిసారీ చెయ్యి తనంతట తానే మూడంగుళాలు కలిపింది. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని కొలిచిన చెయ్యి అది. ఊపిరాడే చోటు వదలకుండా ఏదీ కొలవదు.

పక్కింటి మేస్టారు అది చూశారు. "వీధిలో అందరి నడుములూ నీకు కంఠస్థం. మా గోడకూ కాస్త టేపు పెట్టవయ్యా."

మధ్యాహ్నానికి పది ఇళ్ళు పూర్తయ్యాయి. పదకొండోది, వీధి చివరిది, బావమరిది ఇల్లు.

"నువ్వు కుట్టిన ప్యాంటులో రెండు నెలలుగా కూర్చోలేకపోతున్నా బావా. నా గోడ నేనే కొలుచుకుంటాలే" అని వాడు గేటు వేసుకున్నాడు.

వారం తిరక్కుండా వాడికే నోటీసు వచ్చింది. అందరి కొలతలూ వరసగా పేర్చి గుమస్తా పటం గీస్తే, వీధికన్నా ఇళ్ళు ఇరవై అడుగులు పొడవు తేలాయి. పటంలో చివరి ఇల్లు పోయి అడ్డరోడ్డులో పడింది. ఆక్రమణ తీసేయకపోతే కూల్చేస్తారట.

"ప్యాంటుతో కసి తీరలేదా, ఇంటిమీద పడ్డావు?" అన్నాడు బావమరిది. దర్జీ భార్య తమ్ముడినీ మొగుడినీ చెరోసారి చూసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. అన్నం మాత్రం ఎవరినీ తినమనలేదు.

కూల్చేవాళ్ళకన్నా ముందు ఇంజనీరు కొలిచే ఇనపగొలుసుతో వచ్చాడు. చివరి ఇల్లు సరిగ్గా నలభై అడుగులు. వాడు రాసిచ్చింది అక్షరాలా నిజం. మిగతా పదీ తలా రెండడుగులు ఎక్కువ.

"గోడలకు వదులెందుకు పెట్టారండీ?" అని దర్జీని అడిగాడు.

"అలవాటండి. ఎవరికైనా పెడతాను."

"నాకు పెట్టలేదే" అన్నాడు వెనకనుంచి బావమరిది, మెల్లగా.

దర్జీకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ ప్యాంటు కొలతలిస్తూ, నలుగురి ముందూ, "ఈ రోజుల్లో కుట్టించుకునేదెవరు బావా, ఏదో నీకోసం" అన్నాడు వాడు. దర్జీ నవ్వేసి ఊరుకున్నాడు, మరిచిపోయాననే అనుకున్నాడు. చెయ్యి మరిచిపోలేదు. రాతిగోడలకు ఇచ్చిన చోటు ఇంటి మనిషికి ఇవ్వలేదు.

"ఆ ప్యాంటు పట్రా" అన్నాడు.

కుట్టులోపల మడిచి ఉంచిన రెండంగుళాలూ విప్పాడు. నగరపాలక కార్యాలయం వాటిమీద ఏ ఖర్చూ వేయలేదు.