ఒక్క రింగు ఏజెంటు

ఆ శనివారం ఉదయం కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకు ఒక్కటే పని: దుకాణం తెరిచేలోగా అద్దె ఇళ్ళు చూపే మంచి ఏజెంటును పట్టుకోవడం. ఇంటి ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. ఓనరు బావమరిది కుటుంబం దిగుతుందట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఈయనకు కంటిమీద కునుకు లేదు.

"గొప్పోడెవడా అని చూడకండి. ఎవడు ఫోనెత్తితే వాణ్ణి పెట్టుకోండి," అంది భార్య.

మొదటివాడు ఎత్తలేదు. రెండోవాడు "నేనే చేస్తా" అని పెట్టేశాడు, అంతే సంగతులు. మూడోవాడు ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఇల్లు చూపించాలండీ. రెండు గదులది. అర్జెంటు," అన్నాడు ఈయన గుక్క తిప్పుకోకుండా.

"అడ్రసు చెప్పండి సార్, ఇప్పుడే పని మొదలెడతా!"

ఇల్లు చూసిపెట్టి సాయంత్రం వచ్చి బండి ఎక్కించుకుంటాడు కాబోలనుకుని ఇంటి అడ్రసు చెప్పి, దుకాణానికి వెళ్ళాడు. కాసేపటికి ఇంట్లో ఉన్న అత్తగారు ఫోన్ చేసింది.

"బాబూ, మనింటికి ఎవరినైనా రమ్మన్నావా? వంటింట్లో ఇద్దరు టేపు పెట్టి కొలుస్తున్నారు. ఒకావిడ మన బీరువా తెరిచి చూస్తోంది."

ఆయన చేతిలోని కళ్ళజోడు బల్లమీద పడేశాడు. ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అయ్యా, ఆపండి! నేను ఇల్లు చూడాలి, చూపించకూడదు!"

"చూపించొద్దా? అలాగే సార్! ఇంకెవరికీ చూపించను, వీళ్ళకే ఖాయం చేసేస్తా!"

కంటి పరీక్షకు కూర్చోబెట్టిన పెద్దాయన్ను అక్షరాల బోర్డు ముందే వదిలేసి, ఆయన ఇంటికి పరుగెత్తాడు. గుమ్మం నిండా చెప్పులు. ఇల్లు కొలిపించడానికి బావమరిది భార్యను వెంటబెట్టుకొచ్చిన ఓనరు, గేటు దగ్గర మండిపడుతున్నాడు.

"ఏంటండీ ఇది? నా ఇంటిని మీరు అద్దెకిస్తున్నారా? నెలాఖరు దాకా ఎందుకు, ఇవాళే సామాను తీసేయండి!"

సామాను రోడ్డుమీద ఉన్నట్టే కనిపించింది ఆయన కళ్ళకు.

లోపల అత్తగారి గొంతు మాత్రం బాగానే వినిపిస్తోంది. వచ్చినవాళ్ళంతా ఇల్లు వెతుక్కునేవాళ్ళని ఆవిడకు అర్థమైపోయింది. అప్పుడే లోపలికొచ్చిన బావమరిది భార్యను కూడా ఆ గుంపులో జమకట్టేసి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"దాచడమెందుకమ్మా? వానొస్తే ఈ గోడ చెమ్మకి బట్టలు బూజు పడతాయి. పైన ఓనరు తెల్లారకుండానే బల్లలు ఈడుస్తాడు. ఒకరు చెప్తే వినే రకం కాదు."

బావమరిది భార్య బయటికొచ్చింది.

"అన్నయ్యా, ఈ ఇల్లు మాకొద్దు."

ఓనరు నోరు తెరిచేలోపే గుంపును వెంటబెట్టుకొచ్చిన ఏజెంటు చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. "పక్క వీధిలో ఎండ పడే ఇల్లుంది మేడం, రండి!"

సాయంత్రానికి బావమరిది వాళ్ళకు ఆ ఇల్లు ఖాయమైంది. ఓనరు కిందికి దిగొచ్చి, నేల చూపులు చూస్తూ, "మీరు ఉండండి. పొద్దున కాస్త నోరు జారాను," అని, చెమ్మ గోడను ఓసారి తడిమి వెళ్ళాడు.

"ఏదేమైనా ఏజెంటు మంచోడే," అన్నాడు కళ్ళజోళ్ళాయన ఊపిరి పీల్చుకుని.

"మంచోడే," అంది భార్య. "ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి."