రెండో చెయ్యి దండగ!

టెన్నిస్ రాకెట్‌ను రెండు చేతులతో పట్టుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, ఇంకా గెలుపే ముఖ్యమనుకునే కాలంలోనే ఉండిపోయారు!

ఈ మాట నోటికొచ్చినట్టు అనడం లేదు. మొన్నమొన్నటిదాకా నేనూ అలాంటి మోటు మనిషినే. కుడిచేతి వాటం వాణ్ణి కాబట్టి ఎడమవైపుకి వచ్చిన బంతిని రెండు చేతులూ కలిపి బాదేవాణ్ణి. ఆ దెబ్బనే బ్యాక్‌హ్యాండ్ అంటారు. నేను కొడుతుంటే గొడ్డలితో కట్టెలు చీల్చినట్టు ఉండేదట. బంతి మాత్రం నెట్‌కు జానెడు పైనుంచి దూసుకెళ్ళి అవతలి మూలలో పడేది. ఎదుటివాళ్ళు బిక్కమొహాలు వేసేవాళ్ళు. ఇదీ ఒక ఆటేనా, మీరే చెప్పండి!

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. ఎవరి కారు ఎవరి కారును ఎలా గుద్దిందో చదవడమే నా ఉద్యోగం. మా ఆవిడ లెక్కల టీచర్. పొద్దున్నే క్లబ్బులో ఇద్దరం జోడీగా ఆడేవాళ్ళం. కోర్టులో ఎడమ సగం నాది, కుడి సగం ఆవిడది. ఇంట్లో పంపకాలు వేరనుకోండి, అక్కడ రెండు సగాలూ ఆవిడవే.

పోయిన ఏడాది క్లబ్ టోర్నమెంటులో మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్‌దాకా వెళ్ళి వెంట్రుకవాసిలో ఓడిపోయాం. అప్పటినుంచీ మా ఆవిడది ఒకటే పట్టుదల. ఈసారి ఆ కప్పు మన ఇంటికి రావాల్సిందే. టీవీ పక్కనున్న పుస్తకాలు తీసేసి దానికి చోటు కూడా చేసింది.

సరిగ్గా అప్పుడే దిగాడు కొత్త కోచ్. సూర్యుడింకా రాకముందే నల్లకళ్ళద్దాలు పెట్టుకునే కుర్రాడు. నా ఆట చూసి తల అడ్డంగా ఊపాడు. డాక్టరు మన రిపోర్టు చూస్తూ అలా ఊపితే ఎలా ఉంటుంది?

"బాగానే కొడుతున్నారు సార్. కానీ క్లాస్ లేదు. ఒంటి చేత్తో కొడితేనే అందం," అన్నాడు.

"బంతి లోపలే పడుతోంది కదా బాబూ?"

"పడుతుంది సార్. దాన్నెవరు చూస్తారు? మిమ్మల్ని చూస్తారు గానీ!"

ఎంత గొప్ప మాట! ఇన్నేళ్ళూ బంతి వైపు చూస్తూ జీవితం వృథా చేసుకున్నానే! ఆ రోజే నా ఎడమచేతికి వాలంటరీ రిటైర్మెంట్ ఇచ్చేశాను.

ఒంటి చేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టడం ఎంత వరమో అనుభవిస్తే గానీ తెలియదు. కుడిచేయి ముందుకు, ఎడమచేయి వెనక్కి, గడ్డం పైకి! కొట్టాక కూడా కాసేపు అలాగే నిలబడాలి. కదిలితే ఫోటో పాడవుతుందట. హాల్లో అద్దం ముందు సాధన చేస్తుంటే మా అమ్మ వచ్చి, "దోమలా నాయనా? కిటికీ మూసెయ్యనా?" అంది. కళాకారుడికి ఇంట్లో గుర్తింపు ఉండదని ఊరికే అంటారా!

అసలు లాభాలు చెప్పలేదు కదూ. మా కోర్టు ఫెన్సింగ్ అవతల ఒక టైర్ల షాపు ఉంది. రెండు చేతులతో ఆడినన్నాళ్ళూ ఆ సంగతే నాకు తెలియదు. ఇప్పుడు అక్కడ పంక్చర్లు వేసేవాళ్ళందరూ నాకు ఆప్తులు. నా బంతుల కోసం ప్రత్యేకంగా ఒక బకెట్ పెట్టారు. ఒక మనిషి తన చుట్టుపక్కల వాళ్ళకి ఇంత దగ్గర కావడం ఈ రోజుల్లో ఎక్కడైనా చూశారా?

అంతెందుకు, మా క్లబ్బులో ఒక పళ్ల డాక్టర్ ఉన్నాడు. ఒకప్పుడు నాతో ఆడాలంటే నడుం నొప్పి అని తప్పించుకునేవాడు. ఇప్పుడు గేటు దగ్గరే కాపు కాసి, "రండి, మనం ఆడదాం!" అని భుజం మీద చెయ్యి వేసి మరీ తీసుకెళ్తున్నాడు. మనుషుల మధ్య ప్రేమ పెంచే దెబ్బ అంటే ఇదీ!

ఇక మోచేతి నొప్పి. అది వచ్చాక ఆఫీసులో నా విలువే మారిపోయింది. నా పేరు కూడా సరిగ్గా తెలియని మేనేజరు, పట్టీ చూసి, "ఏమైందండీ?" అని అడిగాడు. టెన్నిస్ అన్నాను. లేచి నిలబడినంత పని చేశాడు!

వీటన్నిటికంటే గొప్పది వీడియో. కోచ్ నా దెబ్బను స్లో మోషన్‌లో తీసి క్లబ్ గ్రూపులో పెట్టేవాడు. వెనకాల మంచి వయొలిన్ కూడా. బొటనవేళ్ళు, పువ్వులు, మంటల బొమ్మలు వచ్చి పడేవి. మా ఆవిడ మాత్రం ఆ వీడియోని ముందుకీ వెనక్కీ జరిపి చూసి, "బంతి ఎక్కడ పడిందండీ?" అంది.

"అది వీడియోలో లేదు."

"ఎందుకు లేదు?"

ఎందుకుంటుంది? బంతి పడేలోపు వీడియో అయిపోతుంది. అందులో ఉన్న అందమంతా అదే! మా ఆఫీసునే చూడండి. ఇదివరకు క్లెయిము ఆగిపోతే జనం మా బల్ల దగ్గరికొచ్చి అరిచేవాళ్ళు, సాయంత్రానికి పని అయ్యేది. ఇప్పుడు యాప్ వచ్చింది. బటన్ నొక్కగానే పచ్చటి టిక్కు గంతులేస్తూ వచ్చి అభినందనలు చెబుతుంది. క్లెయిము రాదు. క్లబ్ ముందు నిక్షేపంలాంటి రోడ్డు తవ్వి డిజైను టైల్స్ పరిచారు. ప్రారంభోత్సవం ఫోటోలు అదిరిపోయాయి. వాన పడితే స్కూటర్లు జర్రున జారుతున్నాయి. అయితే ఏం? జారేవాళ్ళ ఫోటోలు ఎవరూ పెట్టరు కదా!

టోర్నమెంటు దగ్గర పడింది. పళ్ల డాక్టర్ దంపతులతో ప్రాక్టీసు మ్యాచ్ ఆడాం. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ ప్రతి బంతీ నా ఎడమవైపుకే. నేను ప్రతిదాన్నీ అందంగా కొట్టాను. మా ఆవిడ తన సగం వదిలేసి నా సగంలోకి, నా సగంలోంచి తన సగంలోకి పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడింది. అరిస్తే నాకు భయం లేదు. అరవలేదు!

ఆ సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే అంది. "ఈ టోర్నమెంటుకి మటుకు రెండు చేతులతో ఆడండి. తర్వాత మీ ఇష్టం."

అదెంత పని అనుకున్నాను. మర్నాడు కోర్టుకి వెళ్ళి రెండో చెయ్యి కూడా వేశాను. బంతి నెట్‌లో పడింది. ఇంకొకటి కొట్టాను. టైర్ల షాపు. కుడిచేయి ఒకవైపు లాగుతుంటే ఎడమచేయి ఇంకోవైపు లాగుతోంది, పంపకాల దగ్గర అన్నదమ్ముల్లా. ఎన్నేళ్ళ అలవాటు! ఎక్కడికి పోయింది? కొత్తది రాలేదు, పాతది లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ కోర్టు మధ్యలో నాకు ఏడుపొచ్చింది.

"రావట్లేదే," అన్నాను.

మా ఆవిడ నన్ను చూసింది, కోర్టును చూసింది. "ఈసారికి నేను కోచ్‌తో ఆడతాను. ఏమీ అనుకోకండి," అంది.

విశాల హృదయం గలవాణ్ణి కాబట్టి ఏమీ అనుకోలేదు. ఆవిడ బ్యాగు నేనే మోశాను. మంచినీళ్ళు అందించాను. కడుపులో మంటకి మాత్రలు వేసుకున్నాను.

ఫైనల్ కూడా పళ్ల డాక్టర్ దంపతులతోనే. నా ఎడమ సగంలో కోచ్ నిలబడ్డాడు. మొదటి బంతి అతని ఎడమవైపుకే వచ్చింది. గురువుగారి ఒంటి చేతి దర్శనం అవుతుందని నేను కుర్చీలోంచి లేచాను. గ్రూపులో పెట్టడానికి ఫోను కూడా తీశాను.

అతను రెండు చేతులూ వేసి బాదాడు!

పొరపాటేమో అనుకున్నాను. మళ్ళీ అంతే. మ్యాచ్ అయ్యేదాకా అంతే. బంతులన్నీ అవతలి మూలలో పడ్డాయి. కప్పు మా ఇంటికి వచ్చింది. అభినందనల హడావుడి తగ్గాక నీళ్ళ ఫిల్టరు దగ్గర అతన్ని పట్టుకున్నాను.

"ఏం బాబూ, రెండు చేతులతో కొట్టావేం?"

"ఫైనల్ కదా సార్! గెలవొద్దా?"

"మరి నాకెందుకు మాన్పించావు?"

కళ్ళద్దాలు తీసి, నావైపు ఎంతో ఆప్యాయంగా చూశాడు. "మీరు సరదాకి ఆడతారు కదా సార్!"

సరదాకి! ఇన్నేళ్ళుగా ప్రతి పొద్దునా ఆ సిమెంటు మీద మోకాళ్ళు అరగదీసుకున్నది సరదాకా? నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా పాఠకులారా, ఒంటి చేతి ఆట వరమనే ఇప్పటికీ అంటాను. కాకపోతే మీకు ఏదైనా వరం ఇవ్వడానికి ఎవరైనా ఎగబడి వస్తే, తన పుట్టి మునిగే వేళ ఆ మనిషి దాన్ని వాడుకుంటాడో లేదో ఒక్కసారి చూసుకోండి. యాప్ అయినా, టైల్స్ అయినా అంతే.

తర్వాత వారం కోచ్ మా ఇంటికి వచ్చాడు. పక్క క్లబ్బుతో పోటీ ఉందట. "మేడమ్, మీరుంటే మనకి తిరుగులేదు," అన్నాడు.

మా ఆవిడ ఎర్రపెన్ను మూత పెట్టింది. "ముందు మా ఆయన రెండో చెయ్యి ఎలా ఉండేదో అలా తెచ్చి అప్పగించండి. అప్పటిదాకా మీ పక్కన కోర్టులోకి దిగను. అప్పగించాక దిగాల్సిన అవసరం ఉండదు, ఆ పోటీ కూడా ఆయన పక్కనే ఆడతాను."

ఇప్పుడు రోజూ పొద్దున్నే కోచ్ నాకు బంతులు వేస్తున్నాడు. మా ఆవిడ నెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడుతోంది. నిన్న ఒకటి మూలలో పడింది. కోచ్ ఎగిరి చప్పట్లు కొట్టాడు.

మా ఆవిడ కొట్టలేదు. "ఇంకోటి వెయ్యండి," అంది.